సూదితో పాటు లెక్కా నేర్పాలి

మక్తల్: మేస్త్రీ చేతిలో అడ్వాన్సు పుచ్చుకొని, ఇంటికి తాళం వేసి కుటుంబమంతా వలస పోవడం పాలమూరు పల్లెలు ఎన్నో ఏళ్లు చూసిన సంగతే. ఆనకట్టలు, కాలువలు కట్టిన చేతులివి. ఇటువంటి ప్రాంతంలో ఇంటిపట్టున ఉండి నాలుగు రూపాయలు సంపాదించే పని ఏదైనా విలువైనదే. కుట్టుపని అటువంటిది.

చర్చి ఆవరణలో పిల్లలకు, పెద్దలకు సూదిపని నేర్పడం తెలుగునాట పాత అలవాటే. పిల్లలు ముందు సూదికి దారమెక్కించడం, టాకా వేయడం, గుండీ కుట్టడం, కాజా తీయడం నేర్చుకుంటారు. పెద్దలు కొలత తీసుకోవడం, మిషను తొక్కడం అభ్యసిస్తారు. కత్తిరింపు మాత్రం ముందు పాత వార్తాపత్రిక మీదనే. కాగితం పాడయితే మరొకటి దొరుకుతుంది. గుడ్డ పాడయితే రైక పోయినట్టే!

అయితే పని వచ్చినంత మాత్రాన బతుకు గడుస్తుందా? గోదావరి తీరాన నర్సాపురం కథ వినవలసి ఉంది. 1844లో స్కాట్లండ్ మిషనరీ దంపతులు మెక్రేలు అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. ఆ లేసు క్రమంగా విదేశాలకు ఎగుమతి అయింది. కాని 1982లో వెలువడిన మరియా మీస్ పరిశోధన గ్రంథం మరో వైపు చూపింది. స్త్రీలు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా చేతికి వచ్చేది స్వల్పమే. ఇది ఇల్లాళ్ల తీరిక వేళల పని అన్న మాటే కూలి తగ్గించడానికి సాకు అయింది. చేతిపని ఒకరిది, అతుకుపని మరొకరిది. పూర్తయిన సరుకు ఎక్కడ, ఎంతకు అమ్ముడవుతుందో అల్లినవారికి తెలిసేది కాదు.

2019 నుంచి నారాయణపేట జిల్లాలో ఉన్న మక్తల్‌కూ ఈ పాఠం పనికివస్తుంది. జిల్లా కేంద్రమైన నారాయణపేట చీరలకు పేరుపడింది. నేత విలువ తెలిసిన గడ్డకు కుట్టు విలువ తెలియకపోదు.

అందుకే కుట్టు నేర్పేవారు కత్తెర, టేపులతో పాటు ఒక నోటు పుస్తకం కూడా చేతికివ్వాలి. రైక కుట్టినప్పుడు దారమెంత, అస్తరుకెంత, హుక్కులకెంత, మిషను మరమ్మతుకెంత, కూర్చున్న గంటలెన్ని అన్నది అందులో రాయాలి. ఆ గంటలకూ ధర కట్టిన తరువాతే కూలి అడగాలి. బడి ఈడు పిల్లలకు ఇది నేర్చుకునే పనిగానే ఉండాలి తప్ప సంపాదన కారాదు.

పని నేర్పినవారు ధర అడగడం కూడా నేర్పితేనే ఆ మేలు పూర్తయినట్టు.