ఎవరినడగాలి?

మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరోంచ పిల్లలకు ఇంట్లో తెలుగు, కాలేజీలో మరాఠీ. ఒంటి సంగతి దగ్గరికి వచ్చేసరికి ఏ భాషలోనూ నోరు పెగలదు. తెల్లబట్ట అవుతోందని కన్నతల్లికి చెప్పడానికే జంకే అమ్మాయి, మరాఠీలో డాక్టరుకు ఏం చెబుతుంది? అడగని ప్రశ్నకు పక్కవాళ్ల మాటే జవాబైపోతుంది. అలా చెవినపడే మాటలు కొన్ని.

“గసోంటి రోగాలు పట్నపోళ్లకే.”

ఇది తప్పని లోకానికి చూపించింది గడ్చిరోలి జిల్లానే. డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ దంపతులు ఇక్కడి రెండు పల్లెల్లో 650 మంది ఆడవాళ్లను పరీక్షించి, 1989 జనవరిలో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీల జబ్బో లైంగిక జబ్బో ఉంది. అంతకుముందు ఎన్నడైనా అలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి 8 మందే. పెళ్లికాని అమ్మాయిలూ వీళ్లలో ఉన్నారు.

అవన్నీ సుఖవ్యాధులు కావు. నెలసరి ఇబ్బందులు, మామూలు ఇన్‌ఫెక్షన్లు కూడా ఉన్నాయి. ఆ తేడా తెలియకే తెల్లబట్ట అనగానే పిల్ల నడవడికను శంకిస్తారు. ఎంత అన్యాయం! కొద్దిపాటి తెల్లబట్ట ప్రతి ఆడపిల్లకూ సహజం. దుర్వాసన, దురద, రంగు మారడం, పొత్తికడుపు నొప్పి ఉంటే మాత్రం చూపించుకోవాలి, పెళ్లయినా కాకున్నా.

“చెప్తే పిల్లలు చెడిపోతరు.”

2007లో మహారాష్ట్ర ప్రభుత్వం బళ్లలో లైంగిక విద్యను ఆపేసింది ఇలాంటి భయంతోనే. అదే రాష్ట్రంలో రాణీ బంగ్ ‘తారుణ్యభాన్’ పేరుతో యువతీయువకులకు శిబిరాలు నడిపారు. చెప్పినందువల్ల పిల్లలు తొందరపడరని 2018లో యునెస్కో మార్గదర్శకాలు కూడా, అనేక అధ్యయనాలను చూశాకే, తేల్చాయి.

“నలభై చుక్కల నెత్తురు ఒక చుక్క వీర్యం.”

మగపిల్లలను నిద్రపోనివ్వని మాట ఇది. వీర్యం నెత్తురులోంచి వడకట్టినది కాదు. వృషణాల్లో బీజకణాలు నిత్యం తయారవుతూనే ఉంటాయి, మిగతా ద్రవం వేరే గ్రంథుల్లో ఊరుతుంది. నిద్రలో పోయినా, హస్తప్రయోగం చేసుకున్నా బలం తగ్గదు. గుప్తరోగాలు నయం చేస్తామనే గోడ ప్రకటనలు నమ్మి ఫీజు డబ్బులు పోగొట్టుకోవద్దు.

“ఆ గోలీ వేసుకుంటే గర్భం పోతది.”

అత్యవసర గర్భనిరోధక మాత్ర అండం విడుదలను వాయిదా వేస్తుంది. ముందే నిలిచిన గర్భాన్ని అది తీయలేదు. కలయిక తర్వాత 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. రోగాల నుంచి అది కాపాడదు. ఆ పని నిరోధ్‌ది.

గర్భం నిలిస్తే నాటువైద్యం ప్రాణాంతకం. పెళ్లికాలేదన్న కారణంతో, గర్భస్రావానికి 24 వారాల వరకు చట్టమిచ్చిన వెసులుబాటును కాదనకూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 18 నిండినవాళ్లకు తమ అంగీకారం చాలు. నిండనివాళ్లకు సంరక్షకుల అంగీకారం కావాలి. అయినా, వాళ్లు కోరితే, పోలీసులకివ్వాల్సిన సమాచారంలో డాక్టరు వాళ్ల పేరు బయటపెట్టనక్కర్లేదని అదే తీర్పు చెప్పింది.

“దవాఖానకు పోతే ఊరంతా తెలుస్తది.”

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. చిన్న ఊళ్లో బెంచీ మీద కూర్చున్నా చూసేవాళ్లుంటారు. కానీ 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. ప్రభుత్వ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాల్లో పరీక్ష ఉచితం. కలయిక జరిగిన మర్నాడే చేయించుకున్న పరీక్షలో సోకిన సంగతి తేలకపోవచ్చు. ప్రమాదముందనిపిస్తే 72 గంటల్లో వెళితే 28 రోజుల నివారణ మందులిస్తారు. పదేళ్ల నుంచి 19 ఏళ్ల వాళ్లకు కౌమార ఆరోగ్య కేంద్రాలున్నాయి. మహారాష్ట్రలో ‘మైత్రీ’ క్లినిక్ అంటే అదే. ఊళ్లో మొహమాటమైతే గోదావరి వంతెన దాటి భూపాలపల్లి వెళ్లవచ్చు, అక్కడ తెలుగులోనే అడగవచ్చు. గడప దాటడమే కష్టమైతే 1097కు ఫోన్ చేయవచ్చు, అది ఉచితం.

సిరోంచ కాలేజీల వాళ్లను నేనడిగేది ఒక్కటే. ఆ నంబరును, క్లినిక్ ఏ రోజు, ఏ గదిలో ఉంటుందో మరాఠీ కింద తెలుగు అక్షరాల్లో కూడా రాయించండి. నోటీసు బోర్డు మీద కాదు, అక్కడ నిలబడి చదవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. హాస్టల్ బాత్రూం తలుపు లోపలివైపు.