ఏడు హాలీలు, ఆరు కల్దార్లు

కృష్ణా తుంగభద్రల నడుమ వ్యాపించిన నడిగడ్డ సీమకు గద్వాల సంస్థానము కేంద్రమై యున్న దినములలో, తుంగభద్ర దాటి కర్నూలు చేరినవాడు ఆంగ్లేయుల మదరాసు రాజధానిలో నడుగిడినట్లును, దాటనివాడు నిజాము రాజ్యముననే నిలిచినట్లును లెక్క. ఆవలి దరిని చెల్లెడి రూపాయి కల్దారు, ఈవలి దరిని చెల్లెడిది హాలీ సిక్కా. నాగర్‌కర్నూలు సీమకు దక్షిణపుటంచున, సోమశిల రేవున కృష్ణ దాటువారికిని ఇదే స్థితి.

ఆరు కల్దార్లకు ఏడు హాలీలు ఖరారైన మారకము. నూరు కల్దార్లతో రేవు దాటి వచ్చినవానికి ఎన్ని హాలీలు ముట్టవలెనో తేల్చుటకు 700ను 6చే భాగింపవలెను. ఏడింట ఆరు ఒకమారు పోయి ఒకటి మిగులును. దాని ప్రక్కకు సున్న దింపగా పదియగును, అందును ఒకమారే పోయి నాలుగు మిగులును. మరియొక సున్న దింపగా నలువది, ఆరారుల ముప్పదియారు పోను మరల నాలుగు. భాగఫలము 116, శేషము 4. అయినను లెక్క అచ్చట ముగియదు. ఆ నాలుగు రూపాయలను అరువదినాలుగణాలుగ మార్చి భాగించినచో పది యణాలు వచ్చి నాలుగణాలు మిగులును. వానిని నలువదియెనిమిది పైలుగ మార్చినచో ఆరెనిమిదుల నలువదియెనిమిదితో శేషము సున్న యగును. నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు! 1957 ఏప్రిల్ 1న వచ్చిన నయాపైసలలో ఈ లెక్కనే చేసినచో, నాలుగు రూపాయలు నన్నూరు పైసలై, అరువదియారు చొప్పున పంచిన పిదప నాలుగు పైసలు మిగిలియే యుండును. ఎన్ని స్థానములకు సాగించినను ఆ నాలుగు తరుగదు. శేషమును పారవేయక చిన్న ప్రమాణములోనికి మార్చి మరల పంచుటయే భాగహారమునకు ప్రాణమని నా దృఢవిశ్వాసము.

2016 అక్టోబరు 11న మహబూబ్‌నగరు నుండి వేరుపడి జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులలో నేడు పలక పట్టిన బాలుడును ఈ మార్గముననే నడువవలసియున్నది. ఒంటి అంకె విభాజకమైనపుడు ఎక్కము నోట నున్నచో చాలును, శేషమును మనసున నుంచుకొని భాగఫలమును ఒకే వరుసను వ్రాయవచ్చును. ఇందు చిక్కెల్ల సున్నతోనే. 618ని 6చే భాగించుమన్నచో పెక్కుమంది పిల్లలు 13 అని వ్రాయుదురు. ఒకటిలో ఆరు పోదు గనుక ఆ స్థానమున ఏమియు వ్రాయక ఎనిమిదిని దించుకొందురు. పోకపోవుటయు ఒక జవాబే యనియు, దానికిని స్థానము కలదనియు గ్రహించిన నాడే 103 చేతికి వచ్చును. ఈ ఒక్క సంగతికి ఉపాధ్యాయుడు వారము దినములు వెచ్చించినను అధికము కాదు.

రెండంకెల విభాజకముతో దీర్ఘ భాగహారము ఆరంభమగును. ఇచ్చట ఎక్కముతోబాటు ఉజ్జాయింపును కావలెను. 1,587 బస్తాల పల్లికాయను 23 మందికి పంచవలెననుకొందము. 158లో 23 ఎన్నిమార్లు పోవును? పదునైదులో రెండు ఏడుమార్లు పోవును గనుక బాలుడు ఏడని తలచును; ఇరువదిమూడేళ్ల నూట అరువదియొకటి, మించిపోయినది. ఏడు చెరిపి ఆరు వ్రాయవలెను. ఈ చెరుపుట తప్పునకు శిక్ష గాదు, పద్ధతిలోని భాగమే. పూర్వము ధూళి పరచిన పలకపై గణించునపుడును అంకెలను చెరుపుచునే సాగెడివారు. మన పావులూరి మల్లన 11వ శతాబ్దమున తెనిగించిన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమున గుణకారము వెంటనే చెప్పబడినది భాగహారమే. నేడు మనము మెట్లుమెట్లుగ క్రిందికి దించు రూపము 1491లో ఫ్లారెన్సు నగరమున ముద్రితమైన కలాంద్రి గణితగ్రంథమున కనబడును.

ఆరు వ్రాసిన బాలుడు 138 తీసివేయగా ఇరువది మిగిలెను; ఏడు దింపగా 207; ఇరువదిమూడు తొమ్మిదుల సరిగా అంతే. అరువదితొమ్మిది వచ్చినదని మురిసి పలక దించబోవువానిని ఆపి, 69ని 23చే హెచ్చవేయుమనవలెను. వాడు మెల్లగా హెచ్చవేసి, క్రింద గీత గీసి, కుడినుండి ఎడమకు కూడుకొనుచు వచ్చును. 1,587 మరల పలకపై నిలుచును.