ఇల్లు కదలక పరదేశులు

విశాఖపట్టణమున కంచరపాలెము వైపున బర్మా క్యాంపు అను పేట యొకటి కలదు. 1962లో బర్మా రాజ్యాధికారము సైన్యము చేతికి చిక్కినది. 1964లో అంగళ్లను జాతీయము చేసినపుడు, తరతరములుగా అచట స్థిరపడిన మనవా రనేకులు కట్టుబట్టలతో తిరిగి వచ్చిరి. సర్వమును పోగొట్టుకొనిరి, కాని తిరిగి వచ్చుటకు వారికొక దేశ ముండినది. ఆ యొక్కటియు లేనివారు రోహింగ్యాలు.

వీరు నేడు మయన్మారనబడు ఆ బర్మాకు పడమటి కొసనున్న అరకాను సీమలోని ముస్లిములు. 1982లో నే విన్ ప్రభుత్వము క్రొత్త పౌరసత్వ శాసనమును చేసినది. 1823కు పూర్వమే ఆ గడ్డపై స్థిరపడిన జాతులవారు సహజ పౌరులని అందలి సారము. 1823 యే యెందుకు? మరుసటి యేటనే ఆంగ్లేయులతో మొదటి యుద్ధము వచ్చినది. ఆ వెనుక వచ్చినవారు పరాయివారని ప్రభువుల తలంపు. గుర్తింపుపొందిన 135 జాతుల పట్టికలో రోహింగ్యాల పేరు లేదు. అనుమతి పౌరసత్వమైనను కావలెనన్న, 1948 జనవరి 4కు ముందే తమవా రచట నుండిరని రుజువు చూపవలెను. మనలో నెందరు ముత్తాతగారి కాగితము చూపగలరు? చాలమందికి బడి రిజిస్టరులోని పుట్టినతేదీయే మొదటి ఆధారము గదా!

1989 నుండి రంగుల కార్డులు వచ్చినవి. పూర్ణ పౌరునకు గులాబి, సహ పౌరునకు నీలము, అనుమతి పౌరునకు ఆకుపచ్చ. పాత కార్డుల నప్పగించిన రోహింగ్యాలలో పెక్కుమందికి క్రొత్తవి రాలేదు. 1995 నుండి తాత్కాలికమని తెల్లకార్డు లిచ్చిరి. 2010లో దానితోనే ఓటు వేసిరి. 2015లో అదియు రద్దయినది. ఆ యేటి ఎన్నికలలో వారికి ఓటు లేదు. గడప దాటని వానిని గూడ కార్యాలయములోని కలమే పరదేశిని చేసినది.

2017 ఆగస్టులో సాయుధులు కొందరు పోలీసు ఠాణాలపై దాడి చేయగా, సైన్యము గ్రామములపై బడినది. 7 లక్షలకు పైగా జనులు బంగ్లాదేశ్ చేరిరి. కాక్స్ బజారు శిబిరములలో పుట్టు శిశువును ఆ దేశము తన పౌరునిగా నెంచదు. ఈ దేశమును ఎంచదు. ఎవడును దేశము లేనివాడు కారాదని 1961లో ఒక అంతర్జాతీయ ఒడంబడిక జరిగినది. దానిలో మయన్మారు చేరలేదు, మనమును చేరలేదు.

హైదరాబాదు బాలాపూరు ప్రాంతమునకును కొన్ని వేలమంది వచ్చి చేరిరి. వారి పిల్లవాడు బడిలో చేర వచ్చినపుడు, దరఖాస్తులో ‘జాతీయత’ అను గడియందు పంతులుగారు ఏమని వ్రాయవలెను?