అందరి కోడ్ ఒక్కరి సొత్తు ఎట్లైంది?

‘అందరు రాసిన సాఫ్ట్‌వేర్ ఒక్క కంపెనీది ఎట్లైతది?’ మద్దూరులో డిగ్రీ చదివే ఓ చెల్లె అడిగిన ప్రశ్న ఇది. జవాబు లైసెన్సులో ఉంది.

2014లో హాషికార్ప్ కంపెనీ టెర్రాఫామ్‌ను ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. ఎన్నో దేశాల ప్రోగ్రామర్లు దానికి కోడ్ రాసిచ్చారు. తమ కోడ్‌ను కంపెనీ వేరే షరతులతోనూ ఇవ్వొచ్చనే ఒప్పందంపై ముందే సంతకాలు పెట్టారు. 2023 ఆగస్టులో కంపెనీ లైసెన్సు మార్చింది. తనతో పోటీపడే వ్యాపారాలు కొత్త వెర్షన్లను వాడకూడదన్నది. 2024 మార్చిలో రెడిస్ కూడా లైసెన్సు మార్చింది. అక్కడ పాత లైసెన్సే అందుకు అడ్డు చెప్పలేదు. వేరే కంపెనీలు తమ శ్రమతో లాభపడుతున్నాయన్నది వీళ్ల వాదన. మరి కోడ్ రాసిచ్చినవాళ్ల శ్రమ సంగతేంటి?

లినక్స్ కెర్నల్‌ను అట్లా మూయలేరు. దాని హక్కులు వేలమంది రచయితల దగ్గరే ఉన్నాయి. మార్చి పంచినవాళ్లు కూడా కోడ్ ఇవ్వాల్సిందేనని జీపీఎల్ లైసెన్సు చెబుతుంది. పేదల అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం ఉద్దేశం కూడా ఇలాంటిదే: చేజారకముందే షరతు పెట్టడం.

ఒక తేడా ఉంది. పోయిన భూమికి నకలు ఉండదు. పాత కోడ్ మాత్రం పాత లైసెన్సుతోనే మిగులుతుంది. ఓపెన్‌టోఫు, వాల్కీ అట్లా పుట్టినవే.

ఇప్పుడు తెలుగు ఏఐ కోసం మన అవ్వల పాటలు, మన వాడల మాటలు కూడా విద్యార్థులు రికార్డు చేసి ఇస్తున్నారు. ఇచ్చేముందు రెండు ప్రశ్నలు అడగండి. హక్కు ఎవరి పేరున ఉంటుంది? రేపు షరతులు మార్చే అధికారం ఎవరిది?