పశుపుష్టియు జాతినిర్ణయమును

సాస్న గలుగుటయే గోవునకు లక్షణమని తార్కికులు చెప్పుదురు. సాస్న యనగా గంగడోలు. ఈ నిర్వచనము గుఱ్ఱమునుండి ఆవును వేఱుపఱచుటకు చాలును గాని, రెండావులలో దేనిని కొనదగునో తేల్చుటకు చాలదు. సీమజాతుల ఆవులకు గంగడోలు నామమాత్రమే; ప్రాచీనులు జెర్సీ ఆవును చూచియుండినచో లక్షణమునకు అవ్యాప్తిని శంకించియుందురేమో!

వరాహమిహిరుని బృహత్సంహితయందు గోలక్షణమునకు ప్రత్యేకాధ్యాయము కలదు. కన్ను, కొమ్ము, గిట్ట, మేనివన్నె మొదలగువానిని బట్టి శుభాశుభములు అందు చెప్పబడినవి. మన పల్లెలలో సుడులు చూచుటయు ఈ త్రోవలోనిదే. ఇవి పుట్టుకతో వచ్చినవి. మేత పెట్టినంతమాత్రమున మాఱునవి కావు. పుష్టి యట్లు కాదు. అది మేతతో వచ్చి పాలతో పోవును. ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములందు ఒకటి రెండు పశువులతో సంసారమీడ్చు రైతు అంగడిలో ఈ రెంటిని కలగలిపి చూచినచో మంచిజాతిదై చిక్కిన యావును విడిచి, గుణము లేక బలిసినదానిని అప్పుచేసి తెచ్చును. అది సకాలమున చూలు నిలువకున్నచో ఏడాది మేతయు వడ్డీయు దండుగ.

పుష్టిని కొలుచుటకు కంటికంటె చేయి మేలు. 1982లో అమెరికాయందు వైల్డ్‌మన్ మొదలగువారు పాడియావుల పుష్టిని 1 మొదలు 5 వఱకు గల అంకెలతో గుర్తించు పద్ధతిని ప్రకటించిరి. ఈ అంకెలకు బడులలో ఎముకలగూడు, బక్క, సమము, పుష్టి, క్రొవ్వు అను మాటలను వాడవచ్చునని నా యభిప్రాయము. మొదట ఆవు వెనుక నిలిచి తోకమొదటి కిరువైపుల నున్న పల్లములను తాకి చూడవలెను. ఎముకలగూడైన పశువునందు అవి లోతైన గుంటలు. చర్మము క్రింద క్రొవ్వు చేతికి తగులదు. సమమైనదానియందు పల్లము లోతు తగ్గి, అదిమినచో మెత్తదనము తెలియును. క్రొవ్విన దానియందు గుంట పూడిపోయి క్రొవ్వు మడతలు పడును. పిమ్మట నడుము. వెన్నుపూసలనుండి అడ్డముగా సాగిన యెముకల కొనలు బక్కదానియందు వ్రేలికి విడివిడిగా, వాడిగా తగులును. సమమైనదానియందు కొంత నొక్కినగాని తెలియవు. పుష్టమైనదానియందు గట్టిగా నొక్కినను కష్టముమీద తెలియును. హోల్‌స్టీన్ ఆవులయందు మఱియొక గుఱుతు కలదు. ప్రక్కనుండి చూచునపుడు తుంటియెముకనుండి పిఱ్ఱయెముకకు పోవు రేఖ కోణముగా విఱిగినచో పశువు 3 అంకెకు మించదు. నెలవంకవలె గుండ్రముగా వంగినచో మించినట్లు.

అంగడిలో మోసము పొట్టయందున్నది. ఉదయముననే కడుపార మేపి నీరు త్రాగించి తెచ్చిన పశువు నిండుగా కనబడును. చూడిపశువు పొట్టయు అట్లే భ్రమపెట్టును. డొక్కగుంట ఆనాటి మేతను తెలుపును. తోకమొదలు గడచిన నెలల మేతను తెలుపును. జాతిని మఱచి అంకె వేయుటయు తప్పే. పాడికై యెన్నబడిన హోల్‌స్టీన్ ఆవు ఆరోగ్యముగా నున్నను ఎముకలు తేలి కోణాకారముగా నుండును. బఱ్ఱెకు తుంటియెముకలు స్వభావముచేతనే పైకి వచ్చియుండును. మన ఆవులందు మూపురమును గూడ చూడవలెను. కఱవునాట అది కుంగి యొక ప్రక్కకు ఒరగును.

ఈ అంకెతో రైతునకేమి పని యన్నచో, ఈనిన పిదప ఆఱు లేక ఎనిమిది వారములకు పాలు మిక్కుటమగును గాని, ఆవు మేత తిను శక్తి అంత త్వరగా పెరుగదు. ఆ లోటును అది తన యొంటి క్రొవ్వుతో పూడ్చుకొనును. కావున ఈనునాటికి 3 గాని, అంతకు కొంచెము పైగాని యుండవలెను. ఆ పిమ్మట ఒక అంకెకు మించి తగ్గినచో ఎదకు వచ్చుట ఆలస్యమగును; వచ్చినను చూలు నిలుచుట కష్టము. బలిసిన కొలది మేలని తలపరాదు. 4 దాటినది ఈనుటలో బాధపడును, ఈనిన పిదప మేత మానును, క్రొవ్వు ఒక్కుమ్మడి కరగుటచే కాలేయము చెడును. చిక్కినదానిని సరిచేయవలసినది వట్టిపోకముందే. ఈనుటకు రెండు నెలల ముందు పాలు మాన్పించిన పిదప ఉన్న పుష్టిని నిలుపుటయే పని. ఒకే మనుష్యుడు నెల కొకసారి చేయిపెట్టి చూచి గోడమీద గీత గీసికొన్నను చాలును.

జాతి విషయమున మేతను ముందు విచారింపవలెను. 1963లో శ్రీరామసాగరమునకు శంకుస్థాపన జరిగెను. దాని కాలువల నీరు వచ్చిన పిదప ఈ సీమలో వరి వ్యాపించెను. జొన్నచొప్ప తగ్గి వరిగడ్డి మిగిలెను. వరిగడ్డియందు మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. దానితో హోల్‌స్టీన్ సంకరమును మేపబూనుట పేదవానికి తగని సాహసము. పచ్చిమేత, దాణా, ఎండకాలమున నీడ, నీరు కొఱతపడినచో ఆ పశువు ముందు పుష్టిని, పిదప పాలను, తుదకు చూలును పోగొట్టుకొనును. సగము జెర్సీ నెత్తురుగలది కొంత నయము. వెన్ననుబట్టి పాలకు వెల కట్టు చోట ముఱ్ఱా బఱ్ఱె మఱియు నయము.

దేశీయములలో ఉద్గీరు ప్రాంతపు దేవని జాతి నిజాము రాజ్యములోనిదే. తెల్లని మేనిపై నల్లమచ్చలు గలవి, ముఖమున మాత్రము నలుపు గలవి, కేవలము తెల్లనివి అని ఇందు మూడు తెఱగులు కలవు. పాలకును దుక్కికిని పనికివచ్చును. ఈతకు సుమారు 850 కిలోల పాలు. ఒంగోలు అంతకు కొంచెము తక్కువ. నెల్లూరి పేర నెలోరె యనబడు ఈ జాతి సంతతి బ్రెజిలు దేశమున కోట్లకొలది యున్నను అచట దానిని పెంచుట మాంసమునకే గాని పాలకు గాదు. అమ్రాబాదు అడవులలోని పొడతూర్పు పశువులు 2020లో ప్రత్యేకజాతిగా గుర్తింపబడినవి. పొడ యనగా మచ్చ. దుక్కికిని బండకును అవి మేలైనవి. పాడికై వానిని కోరుట తగదు.

జాతిని నిలుపునది ఆబోతు. వృషోత్సర్గమున విడువదగిన నీలవృషమును స్మృతికారులు వర్ణించిరి. మేను ఎఱుపు, ముఖమును తోకయు పాండురము, గిట్టలును కొమ్ములును తెలుపు: పేరు నీలము, రంగు ఎఱుపు! ఒంగోలు సీమలో పెద్దల పేర విడుచు గిత్తను ఊరివారు ఎంచి విడుచుటచేతనే ఆ జాతి చెడక నిలిచెనని పశుశాస్త్రజ్ఞులు వ్రాసిరి. అచ్చువేసిన ఆబోతను మాట ఇప్పుడు పనిలేక తిరుగువానికి తిట్టైనది. పూర్వ మది ఊరిమందకంతకు తండ్రి. వేములవాడ రాజరాజేశ్వరుని సన్నిధిని భక్తులు నేటికిని కోడెను కట్టి మ్రొక్కు తీర్చుకొందురు గాని, ఆ కోడె ఊరిమందకు ఆబోతు కాదు. ఇప్పుడు ఆబోతు స్థానమున గడ్డకట్టించిన వీర్యపు గొట్టము వచ్చినది. గోపాలమిత్ర దానిని తెచ్చినపుడు అది ఏ జాతిదని అడిగి, తన యావు తోకమొదటిని ఒకసారి తడిమి చూచిన పిదపనే రైతు సరే యనవలెను. 2 అంకెకు దిగిన యావునకు ఏ జాతి వీర్యము ఎక్కించినను ఫలము తక్కువ. మొదట దానిని మేపవలెను.