వేసేది సరదా గాలమే... అయినా పడవకు కాగితం ఉండాలి

అమలాపురం: గోదావరి పాయల్లో గాలం వేసే సరదా లంక గ్రామాలకు కొత్త కాదు. పొలం పని తెమిలాక ఎర డబ్బా పట్టుకుని దోనె ఎక్కేవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. వీరు వృత్తిరీత్యా మత్స్యకారులు కారు. రైతులు, మాస్టర్లు, చిన్న వ్యాపారులు. చేప పడితే కూరకు, పడకపోతే కాలక్షేపానికి. మోటారు సైకిలు కాగితాలను బీరువాలో దాచుకునే ఈ ఆసాములే పడవ దగ్గరకు వచ్చేసరికి "మన పడవ, మన గోదారి, కాగితమెందుకు?" అంటారు. ప్రమాదం జరిగిన నాడు ఆ ధీమా ఇంటిల్లిపాదినీ ఆదుకోదు.

ఇంజను బిగిస్తే లెక్క మారుతుంది

నదులు, కాలువల్లో తిరిగే పడవలకు 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. ఇంజనుతో నడిచే పడవకు సర్వే జరగాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇతరులకు కలిగే నష్టానికి బీమా ఉండాలి. తెడ్డుతో, గెడతో నడిచే పడవలను స్థానికంగా నమోదు చేసే ఏర్పాటు కూడా ఈ చట్టంలో ఉంది. దోనెకు పాత డీజిలు ఇంజను బిగించి "చిన్నదే కదా" అనుకుంటే కుదరదు. చట్టం దృష్టిలో అది యంత్రపు పడవే.

పది రూపాయలు తీసుకున్నా కిరాయే

వేటకు వెళుతూ నలుగురిని అవతలి లంకకు దింపి డబ్బు తీసుకోవడం మామూలే. అక్కడే చిక్కుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 284వ సెక్షను దీని గురించే చెబుతోంది. పాడైన పడవలో గాని, ప్రాణాపాయం కలిగేంత బరువు ఎక్కించిన పడవలో గాని కిరాయికి మనుషులను దాటిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నిర్లక్ష్యంగా పడవ నడిపితే 282వ సెక్షను ఉంది. సొంత వాడకానికని బీమా చేయించి కిరాయికి తిప్పితే కంపెనీ పరిహారం నిరాకరించే అవకాశమూ ఉంది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగి 50 మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. గోదావరికి పెద్ద పడవ, చిన్న పడవ అన్న తేడా లేదు. లైఫ్ జాకెట్టు పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి.

ఎక్కడపడితే అక్కడ గాలం కుదరదు

పంచాయతీ లీజుకిచ్చిన చెరువులో చేప లీజుదారుది. కోరింగ, కొల్లేరు అభయారణ్యాల్లో వన్యప్రాణి చట్టం ఆంక్షలున్నాయి. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి చట్టమే నిషేధించింది.

ఇరవై రూపాయల బీమా

పడవ బీమా వేరు, మనిషి బీమా వేరు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద వచ్చిన 5 లక్షల రూపాయల ప్రమాద బీమా చేపల వేటే జీవనాధారమైన వారి కోసం ఉద్దేశించినది. సరదాకు గాలం వేసేవారు దాని మీద ఆశ పెట్టుకోరాదు. వారికి అందుబాటులో ఉన్నది ప్రధానమంత్రి సురక్షా బీమా. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వారు ఏడాదికి 20 రూపాయలతో చేరవచ్చు. ప్రమాదంలో మరణిస్తే నామినీకి 2 లక్షలు వస్తాయి. జూన్ 1 నుంచి మే 31 వరకు బీమా సంవత్సరం. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది.

ప్రమాదం జరిగితే

ముందు పోలీసులకు, వెంటనే బీమా కంపెనీకి చెప్పాలి. సర్వేయరు చూడకముందు పడవకు మరమ్మతు చేయించరాదు. మనిషి పోతే ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం కావాలి. శవం దొరకకపోతే కష్టం రెట్టింపవుతుంది. మనిషి ఆచూకీ ఏడేళ్లపాటు తెలియకపోతేనే మరణించినట్టు భావించాలన్నది సాధారణ న్యాయసూత్రం. అందుకే ఎవరు, ఎవరితో, ఏ రేవు నుంచి వెళుతున్నారో ఇంట్లో చెప్పి వెళ్లడం మంచిది. నలుగురూ చూసిన సాక్ష్యం రేపు కుటుంబానికి పనికొస్తుంది.

కంపెనీ పరిహారం నిరాకరిస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో న్యాయం జరగకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా రాసుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. పాలసీ కాగితం పడవలో కాక ఇంట్లో ఉండాలి. అది ఎక్కడుందో ఇల్లాలికి తెలిసి ఉండాలి.