ఒక మూత్రపిండముతో ఊరికి తిరిగివచ్చినవారు

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ అనునవి ఒక తరమునకు పూర్వము హైదరాబాదునకు పడమట రాతిగుట్టల నడుమ నుండిన పల్లెలు. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన పిమ్మట అచ్చట కంప్యూటరు కార్యాలయములు, వాటి వెంట పెద్ద ఆసుపత్రులు వెలసినవి. నేడు మన గ్రామస్థులు హైటెక్ సిటీకి పోవుచున్నది కొలువులకు మాత్రమే కాదు. మూత్రపిండపు కేన్సరునకు శస్త్రచికిత్స చేయించుకొనుటకు పోవువారును కలరు. అచ్చట ఉద్యోగము చేయుచున్న కొడుకో కూతురో తండ్రిని వెంటబెట్టుకొని పోవుదురు. ఆసుపత్రిలో నుండునది కొలది దినములే. పదునొకండవ అంతస్తులో పెద్దాయనకు ప్రొద్దు పోదు. కుట్లు విప్పగానే ఊరు చేరును. కోలుకొనుట యంతయు మన ఊళ్ళలోనే జరుగవలసియున్నది. కావున ఈ సంగతి పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట అవసరమని తలంచుచున్నాము.

మొదటి భయము: ఒక మూత్రపిండముతో మనుష్యుడు బ్రదుకునా? బ్రదుకును. 1869లో జర్మనీ దేశమున హైడెల్‌బర్గ్ నగరములో గుస్టావ్ సైమన్ అను వైద్యుడు ముందుగా కుక్కలపై పరీక్షించి చూచి, ఆ తరువాత ఒక స్త్రీకి మూత్రపిండము తొలగించెను. ఆమె కోలుకొనెను. మిగిలిన మూత్రపిండము ఆరోగ్యముగా నున్నచో అది క్రమముగా అధిక భారమును వహించును. గడ్డ చిన్నదైనచో వైద్యులు గడ్డ వరకే తీసి తక్కిన భాగమును నిలుపుటయు కలదు.

నేడు చిన్న రంధ్రముల గుండ చేయు పద్ధతి వచ్చినందున పైకి గాయము స్వల్పముగా కనబడును. మోసము అచ్చటనే యున్నది. గాయము చిన్నదని పదునైదు దినములకే బస్తా ఎత్తువారు, పదునారు లీటర్ల మందుడబ్బాను వీపున తగిలించుకొని పత్తికి కొట్టువారు కలరు. లోపలి కండరములు అతుకుకొనుటకు సుమారు ఆరు వారములు పట్టును. ప్రక్కను కోసి చేసిన శస్త్రచికిత్సకు అంతకంటె ఎక్కువ కాలము కావలెను. అంతవరకు ఐదు కిలోలకు మించిన బరువు ఎత్తరాదు. నడక మాత్రము మొదటి దినముల నుండియే మంచిది. రెండు మూడు నెలల వరకు అలసట యుండుట సహజము. దానిని సోమరితనమని ఎవరును ఎగతాళి చేయరాదు. గ్రామ ఉపాధి పనులలో అట్టివారికి నీళ్ళు అందించుట వంటి తేలిక పని చూపుట సభ్యుల చేతిలోనిదే.

పథ్యము మాట కూడ చెప్పవలెను. పప్పు తిన్నచో చీము పట్టునని మన ఇండ్లలో నెలల తరబడి కారపుపొడి మెతుకులే పెట్టుదురు. ఇది మంచిది కాదు. గాయము మానుటకు పప్పు, పెరుగు, గ్రుడ్డు కావలెను, ఉప్పు తగ్గింపవలెను. మిగిలిన మూత్రపిండపు పనితీరు తగ్గియున్నచో ఎంత తినవలెనో, ఎంత నీరు త్రాగవలెనో వైద్యుడే చెప్పును. ఒళ్ళునొప్పులకు దుకాణములో కొనెడి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలును, సూదులును, ఏమి కలిపినదో తెలియని నాటుమందులును ఒంటి మూత్రపిండమునకు హాని చేయగలవు. ఊరిలో వైద్యము చేయువారికి ఈ మాట ముందుగానే తెలుపవలెను. బీడీ, చుట్ట మానవలెను. పొగత్రాగుట ఈ వ్యాధికి తెలిసిన కారణములలో ఒకటి. రక్తపుపోటును, మధుమేహమును అదుపులో నుంచవలెను.

అన్నిటికంటె మిక్కిలి ప్రమాదము పునఃపరీక్ష మానుట. రోగికి ఏ బాధయు లేదు, కోత కాలము, దారిఖర్చు దండుగ యని తోచును. కాని ఈ కేన్సరు ఊపిరితిత్తులలోనో ఎముకలలోనో సంవత్సరముల తరువాత తిరిగి కనబడవచ్చును. మొదట్లో నొప్పియే తెలియదు. అందుచేత తొలి సంవత్సరములలో మూడు నుండి ఆరు నెలలకు ఒకసారి, పిదప ఏటేట, ఐదేండ్లకు తక్కువ కాకుండ పరీక్షలు చేయింతురు. గడువు వైద్యుడు నిర్ణయించును. స్కానుకు ముందు సూదిమందు ఎక్కింతురు గనుక తనకు ఒక మూత్రపిండమే యున్నదని రోగి తప్పక చెప్పవలెను. మెట్రో రైలు 2019 మార్చి నుండి హైటెక్ సిటీ వరకు నడచుచున్నది. మహాత్మాగాంధీ బస్సు నిలయమున దిగినవారు అమీర్‌పేటలో మారి పోవచ్చును. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9న పది లక్షల రూపాయలకు పెంచిరి. నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థలలోను చికిత్స కలదు. ఏ ఆసుపత్రి పథకములో నున్నదో ముందే విచారించుకొనవలెను.

పరీక్ష దినము దగ్గరపడినకొలది రోగికి నిద్ర పట్టదు. ఆ సమయమున ఒకరు తోడు పోయిన చాలును. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచములో తిన్నను, ఒకే చెంబుతో త్రాగినను రాదు. అయినను వివాహాది శుభకార్యములకు అట్టివారిని పిలువక విడుచుట మేము చూచియున్నాము.

జ్వరము, గాయమునుండి చీము, కాలివాపు, ఆయాసము, మూత్రము తగ్గుట కనబడినచో తెల్లవారువరకు ఆగరాదు. శస్త్రచికిత్స కాగితములను, స్కాను చిత్రములను ఒక సంచిలో నుంచి ఇంటిలో అందరికి తెలిసినచోట పెట్టవలెను. ఊరిలో మరియెవరికైనను నొప్పి లేకుండ మూత్రములో రక్తము పడినచో, వేడిచేసినదని మజ్జిగ త్రాగించి ఊరకుండక, ఆ వారములోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను.